గేటు దగ్గర ఆగిపోయిన మందులు: ఒక రిమాండ్ ఖైదీ కేస్ స్టడీ

నేను ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షలు చేసే కేంద్రం) కౌన్సెలర్‌ని. ప్రభుత్వాసుపత్రిలో కూర్చోవడంతో పాటు మా పరిధిలో ఉన్న సెంట్రల్ జైలుకి కూడా వెళ్తుంటాను. కొత్తగా వచ్చిన ఖైదీలకి హెచ్‌ఐవీ పరీక్ష గురించి చెప్పడం, చేయించుకుంటామన్న వాళ్ళకి చేయించడం, పాజిటివ్ వస్తే ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచే మందులు, ఇచ్చే సెంటర్‌తో కలపడం అక్కడ నా పని. ఇప్పుడు రాస్తున్న కేసులాంటివి మాకు తరచూ వస్తాయి. అందుకే దీన్ని ఎంచుకున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. జైలు పేరు, ఊరి పేరు రాయడం లేదు. అతన్ని డ్రైవర్ అనే పిలుస్తాను.

34 ఏళ్ళ మనిషి. కోస్తాలో ఒక పల్లెటూరు. పదో తరగతి తప్పి క్లీనర్‌గా లారీ ఎక్కి, తర్వాత స్టీరింగ్ పట్టాడు. ఎక్కువగా విజయవాడ, కోల్‌కతా లైన్లోనే తిరిగాడు. భార్య, ఇద్దరు పిల్లలు. ఏజెన్సీ వైపు నుంచి వస్తున్న లారీలో లోడు కింద గంజాయి మూటలు దొరికాయని ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) కేసు పెట్టారు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం కింద లెక్కేస్తుంది. అప్పుడు 37వ సెక్షన్ అడ్డం వచ్చి మామూలు బెయిల్ దొరకడం చాలా కష్టమవుతుంది. కేస్ షీట్‌లో సెక్షన్ల గోల ఎందుకని డాక్టర్లు నన్ను అడుగుతుంటారు. లోపల ఉండేది రెండు వారాలా, ఆరు నెలలా, పదేళ్ళా అన్నది సెక్షన్ని బట్టి ఉంటుంది. మందులు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడికి బదిలీ చేయాలి అన్నదంతా దాని మీదే ఆధారపడుతుంది. అందుకే నా నోట్‌బుక్‌లో వయసు పక్కనే సెక్షన్ ఉంటుంది.

కొన్ని అంకెలు ఇక్కడే చెప్పేస్తాను. 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అదే ఏడాది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) సర్వేలో జైలు ఖైదీల్లో 1.93 శాతం తేలింది. ఇలాంటి అంకె బయటికి రాగానే పేపర్లో ‘జైల్లో ఎయిడ్స్ కలకలం’ అని హెడ్డింగ్ పడుతుంది. చదివినవాళ్ళకి ఈ జబ్బు జైల్లోనే అంటుకుందనిపిస్తుంది. నేను చూసినంతలో ఎక్కువమంది బయట నుంచే దానితో వస్తున్నారు, పరీక్ష మాత్రం మొదటిసారి లోపల జరుగుతోంది. ఇంజెక్షన్ మత్తుకి అలవాటైనవాళ్ళు, సెక్స్ వర్కర్లు, వలస కూలీలు, రోడ్ల మీద బతికేవాళ్ళు ఎక్కువగా అరెస్టవుతారు. వీళ్ళలో చాలామంది బయట ఆసుపత్రి గుమ్మం తొక్కరు. ఇంకో లెక్క కూడా చూడాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో దాదాపు 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు ఏదో ఒక రోజు బెయిల్ మీదో, కేసు కొట్టేసో బయటికి వచ్చే అవకాశం ఉన్నవాళ్ళే. నా దృష్టిలో జైల్లో హెచ్‌ఐవీ నివారణ అసలు పరీక్ష విడుదల రోజున జరుగుతుంది. మిగతా కేసంతా ఆ రోజు వైపే నడుస్తుంది.

ఒప్పుకోవడం

జైల్లో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ మెడికల్ చెకప్ ఉంటుంది. బరువు, బీపీ, ఒంటిమీద దెబ్బలు చూస్తారు. అక్కడే టీబీకి నాలుగు ప్రశ్నలు అడుగుతారు: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. తర్వాత మా దగ్గరికి పంపుతారు. ఆ రోజు డ్రైవర్ పరీక్ష వద్దన్నాడు.

2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషికి విషయం చెప్పి, ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలని దాని 5వ సెక్షన్ చెబుతుంది. 31వ సెక్షన్ నేరుగా మాకు సంబంధించింది. శిక్ష పడినవాళ్ళకీ, విచారణలో ఉన్నవాళ్ళకీ, ప్రభుత్వ సంరక్షణ గృహాల్లో ఉన్నవాళ్ళకీ హెచ్‌ఐవీ నివారణ, కౌన్సెలింగ్, పరీక్ష, చికిత్స పొందే హక్కు ఉందంటుంది. పొందే హక్కంటే వద్దనే హక్కు కూడా. లైన్లో నిలబెట్టి పక్కన లాఠీతో వార్డర్ ఉంటే ఎవరైనా సరే అంటారు, దాన్ని ఒప్పుకోలు అనలేం. అందుకే వార్డర్‌కి మేం కనిపించాలి గానీ మా మాటలు వినిపించకూడదని మొదటి నుంచీ పట్టుబట్టాను. ఆసుపత్రి వరండాలో బెంచీ ఒక చివర మేము, గేటు దగ్గర ఆయన. ఇంతకుమించి గదులూ తలుపులూ అడిగితే జైల్లో పని జరగదు.

డ్రైవర్ మళ్ళీ వచ్చింది కడుపుమంట మందు కోసం. అప్పుడు తనంతట తనే అడిగాడు.

“ఆ టెస్ట్ కాగితం కోర్టుకి వెళ్తదా మేడం? పాజిటివ్ అయితే బెయిల్ రాదంట గదా.”

“ఎవరు చెప్పారు?”

“బ్యారక్‌లో అందరూ అంటన్నారు.”

అదే బ్యారక్‌లో ఇంకో మాట కూడా తిరుగుతుంటుంది, పాజిటివ్ వస్తే వెంటనే బెయిల్ ఇచ్చేస్తారని. మొదటిది నమ్మినవాళ్ళు పరీక్షకి రారు. రెండోది నమ్మినవాళ్ళు వచ్చి, నెగటివ్ అని చెబితే నిరాశపడతారు. రిజల్ట్ కోర్టుకి వెళ్ళదని, జడ్జి ఆర్డర్ వేస్తే తప్ప అతని సంతకం లేకుండా ఎవరికీ చెప్పమని, మందు వేసుకోవడానికీ బెయిల్‌కీ సంబంధం లేదని చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, “మా ఆవిడకి తెలుస్తదా?” అన్నాడు. అసలు భయం అది. దారి పొడుగునా ధాబాల దగ్గర జరిగిందంతా అప్పుడు చెప్పుకొచ్చాడు. కండోమ్ వాడింది ఎప్పుడో ఒకసారి.

వేలి చివర గుచ్చి తీసిన చుక్క రక్తంతో జైల్లో చేసేది స్క్రీనింగ్ మాత్రమే. అది రియాక్టివ్ వచ్చింది, అంటే ఇంకా నిర్ధారించుకోవాలి. ఆ మాటని అక్కడే పాజిటివ్‌గా మార్చి చెప్పేయడం నేను కొన్నిచోట్ల చూశాను, అది తప్పు. ఐసీటీసీలో వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మూడు కిట్లతో చూసి తేల్చాలి. తేల్చాం. పాజిటివ్. ఒంట్లో రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 కణాల లెక్క మూడు వందలు దాటి ఉంది. కొంచెం దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాం, టీబీ లేదు. టీబీ రాకుండా ఆరు నెలల ఐసోనియాజిడ్ మొదలుపెట్టారు. మన దేశంలో 2017 నుంచి సీడీ4 ఎంతున్నా పాజిటివ్ అయిన ప్రతివాళ్ళకీ ఏఆర్‌టీ ఇస్తున్నారు కాబట్టి ఇక ఆగాల్సిన పని లేదు. టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర రోజుకి ఒకటి. వారం తిరక్కుండానే మొదలైంది.

మందుల లైను

బయట మనిషికి మందు వేసుకోవడం ఇంట్లో గుట్టుగా జరిగే పని. జైల్లో గుట్టు ఉండదు. నెల మందు ముప్పై మాత్రల డబ్బాలో వస్తుంది. కదిపితే గలగలమంటుంది. ఆ చప్పుడు ఏంటో పాత ఖైదీలకి తెలుసు. డబ్బా బ్యారక్‌లో పెట్టుకుంటే సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. అందుకని డబ్బా ఆసుపత్రి ఫార్మసీలోనే ఉంచి, బీపీ, షుగర్, ఫిట్స్ మందులవాళ్ళ లైన్లోనే నిలబెట్టి రోజూ ఒక మాత్ర చేతిలో పెట్టించాం. లైన్లో నలభై మంది ఉంటే ఎవరిది ఏ మాత్రో ఎవరికీ పట్టదు. ఈ కేసులో మేం చేసిన పనులన్నిటికీ సూత్రం ఇదే: పాజిటివ్ ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా ఏమీ చేయకూడదు, అందరికీ చేసేదాంట్లోనే వాళ్ళూ ఉండాలి.

రెండో నెలలో ఒక సంగతి బయటపడింది. జైలు తిండికి అతనికి కడుపులో మంట. ఆసుపత్రిలో అడిగినవాళ్ళకల్లా నమిలే యాంటాసిడ్ మాత్రలు ఇస్తారు, అక్కడ అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యే మందు అదేనేమో. డ్రైవర్ ఏఆర్‌టీ మాత్ర మింగి, ఆ వెంటనే రెండు యాంటాసిడ్లు నమిలేవాడు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌తో కలిసి పడితే డొలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. యాంటాసిడ్ వేసుకోవడానికి రెండు గంటల ముందైనా, వేసుకున్న ఆరు గంటల తర్వాతైనా మందు పడాలి. లైన్ సాయంత్రం ఉంటుంది కాబట్టి యాంటాసిడ్ పొద్దున్నకి మార్చారు. చిన్న మార్పే గానీ, ఎవరూ అడక్కపోతే ఏడాది తర్వాత వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) తగ్గలేదని, ఇతను మందు సరిగా వేసుకోవట్లేదని నింద అతని మీదే వేసేవాళ్ళం.

ఇక ఎస్కార్ట్. ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్ళాలంటే ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులు కావాలి. వీఐపీ పర్యటనైనా, పండగ బందోబస్తైనా ‘ఎస్కార్ట్ లేదు’ అనే మాట వస్తుంది. ఎస్కార్ట్ దొరికిన రోజున ఇంకో చిక్కు. జైలు నుంచి వెళ్ళే మెమోలో అతని పేరు పక్కన ఎర్ర ఇంకుతో జబ్బు పేరు రాశారు. ఆ కాగితం గేటు రైటర్ నుంచి వ్యాన్ డ్రైవర్ దాకా అందరి చేతుల్లోంచీ వెళ్తుంది. రాసిన ఉద్యోగికి దురుద్దేశం ఏమీ లేదు, కానిస్టేబుళ్ళు జాగ్రత్తగా ఉంటారని రాశాడంతే. సమ్మతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని చట్టంలో 8వ సెక్షన్ ఉందని సూపరింటెండెంట్ గారికి చూపించాను. ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశారు: ఇకమీదట ఏ రోగికైనా మెమోలో ‘ఓపీ రివ్యూ’ అనే రాయాలి. కంటి ఆపరేషన్‌కైనా అదే, ఏఆర్‌టీకైనా అదే. ఆ తర్వాత ఏఆర్‌టీ సెంటర్‌తో మాట్లాడి, కుదుటపడ్డవాళ్ళ మందులు జైలు ఫార్మసిస్టే తెచ్చేలా ఏర్పాటు చేసుకున్నాం. డాక్టర్ చూడాల్సిన వాళ్ళే ఎస్కార్ట్ మీద వెళ్తారు.

బ్యారక్ సంగతి

నివారణ అనగానే అందరూ రేజర్ గురించి అడుగుతారు. జైల్లో క్షవరం చేసేది కూడా ఖైదీయే. ఒకే బ్లేడు ఇద్దరు ముగ్గురికి వాడటం జరిగేది. నిజానికి రేజర్ వల్ల హెచ్‌ఐవీ రావడం చాలా అరుదు. హెపటైటిస్ బీ, సీ మాత్రం అలా అంటుకునే అవకాశం ఉంది. మనిషికో కొత్త అర బ్లేడు ఇవ్వమని ఇండెంట్ పెట్టించాం, ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. పచ్చబొట్లు ఇంకా కష్టం. కుట్టుసూదికి దారం చుట్టి, పెన్ను రీఫిల్ ఇంకులో ముంచి పొడుస్తారు, అదే సూది పక్కవాడికి. నిషేధం అని బోర్డు పెడితే మరుగుదొడ్డి వెనక పొడుస్తారు, అంతే తేడా. ఈ విషయంలో మాకు ఉపయోగపడింది జీవిత ఖైదు పడ్డ ఒక పెద్దాయన. తోటి ఖైదీలకి చెప్పడానికి మేం శిక్షణ ఇచ్చిన పీర్ ఎడ్యుకేటర్లలో ఒకరు. “ఒరే, సూది ఎవడిది వాడికే, అంతే” అని ఆయన అంటే కుర్రాళ్ళు వింటారు. నేను అరగంట చెప్పినా అంత పని జరగదు.

డ్రైవర్ పక్కనే పడుకునే కుర్రాడు బయట మత్తు ఇంజెక్షన్లకి అలవాటుపడి, ఇద్దరు ముగ్గురితో సిరంజీ పంచుకున్నవాడు. జైల్లోకి వచ్చిన రెండు మూడు రోజులకి వణుకు, వాంతులు, నిద్ర లేదు. దాన్ని నాటకం అనుకోవడం మామూలు. సూది వదిలి నాలుక కింద మాత్రతో నడిపించే బ్యుప్రెనార్ఫిన్ చికిత్స మన దేశంలో జైలు లోపల 2008లోనే తీహార్‌లో మొదలైంది. మా దగ్గర అప్పటికి ఆ సౌకర్యం లేదు, ఉన్నచోటికి రిఫర్ చేయడమే. అతనికి హెచ్‌ఐవీ నెగటివ్, హెపటైటిస్ సీ పాజిటివ్ వచ్చింది. హెపటైటిస్ సీ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, మూడు నెలల్లో నయమవుతుంది. నా లెక్కలో ఆ బ్యారక్‌లో హెచ్‌ఐవీ వచ్చే ప్రమాదం అందరికంటే ఎక్కువ ఉన్నది ఆ కుర్రాడికే. పాజిటివ్ మనిషి మీదే అందరి కళ్ళూ ఉండేసరికి ఇలాంటివాళ్ళు కనపడకుండా పోతారు.

కండోమ్‌ల సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. ఐక్యరాజ్యసమితి సంస్థలూ డబ్ల్యూహెచ్‌వో కలిసి జైళ్ళ కోసం 2013లో ఇచ్చిన 15 అంశాల ప్యాకేజీలో కండోమ్‌లు, సిరంజీల మార్పిడి రెండూ ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో ఒక జైలు 1992లోనే శుభ్రమైన సూదులు ఇవ్వడం మొదలుపెట్టింది. మన జైళ్ళలో కండోమ్ ఇస్తే అక్కడ అలాంటివి జరుగుతాయని ఒప్పుకున్నట్టవుతుందని అధికారులకి టెన్షన్. 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరూ మగవాళ్ళే అయినా, ఇష్టపడి కలిస్తే నేరం కాదు గానీ, జైలు క్రమశిక్షణ వేరే లెక్క. అందుకని నేను వేరే ఒకటి అడిగి సాధించుకున్నాను. బలవంతం జరిగినా, గొడవలో నెత్తురు అంటినా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే, హెచ్‌ఐవీ అంటకుండా ఆపే పీఈపీ మందు జైలు ఆసుపత్రిలోనే ఉంచడం. ఎవరు చేశారన్నది చెప్పక్కర్లేదు, మందు అడిగితే చాలని పీర్ ఎడ్యుకేటర్ల ద్వారా చెప్పించాం. మందు ఉంచడమైతే జరిగింది. అడిగేవాళ్ళు రావడం మాత్రం చాలా తక్కువ. బలవంతాలు జరగట్లేదని దీని అర్థం కాదు.

భార్యకి చెప్పడం

చెప్పాలని అతనికి ఉంది, చెప్పే చోటే లేదు. ములాఖత్‌లో జాలీకి అటూ ఇటూ నిలబడి, చుట్టూ పదిమంది అరుస్తుంటే కొద్ది నిమిషాలు మాట్లాడుకోవాలి. జైలు ఫోన్లో మాట్లాడేది రికార్డవుతుంది. చివరికి నాకు రాతపూర్వకంగా సమ్మతి ఇచ్చాడు, మీరే చెప్పండి మేడం అని. ఆమెని మా ఐసీటీసీకి పిలిపించడానికి నాలుగో నెల వచ్చింది. కూలిపని మానుకుని రావాలి, పిల్లల్ని ఎక్కడో వదలాలి.

విన్నాక ఆమె ఏడవలేదు. మొదట అడిగింది, “పిల్లలకి కూడా చెయ్యాలా?” అని. ముందు మీకు చేద్దాం, మీకు లేకపోతే పిల్లలకి అక్కర్లేదన్నాను. నెగటివ్ వచ్చింది. వైరస్ సోకినా మొదట్లో పరీక్షలో కనపడని విండో పీరియడ్ గురించి చెప్పి, మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నాను. భర్త మందు క్రమం తప్పకుండా వేసుకుని, వైరల్ లోడ్ కనపడనంత తగ్గితే కలయిక వల్ల ఆమెకి అంటదని, ఆ రిజల్ట్ చేతికి వచ్చేదాకా కండోమ్ తప్పనిసరని వివరించాను. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ వాడేవాళ్ళకి పింఛను ఉందని చెబితే వెంటనే వద్దంది. “పింఛను ఇచ్చేవాళ్ళు మా వీధివాళ్ళే మేడం. దేనికొస్తందో ఊరంతా తెలుస్తది.” నాలుగు వేల రూపాయలు ఆ ఇంటికి ఎంత పెద్ద మొత్తమో నాకు తెలుసు. అయినా ఆమె లెక్క ఆమెది, దాని మీద ఇంకేం మాట్లాడలేదు.

బెయిల్ వచ్చిన సాయంత్రం

వాణిజ్య పరిమాణం కేసుల్లో 180 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే, గడువు పెంచమని ప్రాసిక్యూటర్ కోర్టుని అడగకపోతే, ముద్దాయికి డిఫాల్ట్ బెయిల్ హక్కుగా వస్తుంది. కాబట్టి ఇలాంటి ఖైదీ విడుదలని కొంతవరకు ముందే ఊహించవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫున జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వచ్చే పారా లీగల్ వాలంటీర్‌ని అడిగి, గడువులు దగ్గర పడుతున్నవాళ్ళ పట్టిక తీసుకునేదాన్ని. మందులు వాడేవాళ్ళ పేర్లు ఆయనకి ఇవ్వకుండా, అందరి పట్టికా తీసుకుని నేను నా దగ్గర సరిచూసుకునేదాన్ని. డ్రైవర్ తేదీ అందులో ఉంది. బదిలీ కాగితాలు, నెల మందు సిద్ధమయ్యాయి, ఫార్మసీ బీరువాలో ఉన్నాయి.

బెయిల్ ఆర్డర్ జైలుకి చేరేసరికి సాయంత్రమైంది. ష్యూరిటీల పని ముగించుకుని వకీలు గుమాస్తా కాగితం పట్టుకొచ్చాడు. బెయిల్ వచ్చాక మనిషిని రాత్రంతా లోపల ఉంచడం కుదరదు, ఉంచకూడదు కూడా. ఎనిమిది దాటాక గేటు తీశారు. ఫార్మసీకి అయిదింటికే తాళం పడింది. హెడ్ వార్డర్ అతని సొత్తు అప్పగించాడు: సెల్‌ఫోన్, బెల్టు, పర్సు, కొంత డబ్బు. రిజిస్టర్లో సంతకం తీసుకుని పంపేశాడు. మందు ఉన్న బీరువా గేటుకి ఎంతో దూరం లేదు.

ఇక్కడ వ్యవస్థలో ఉన్న రెండో కంత కనిపిస్తుంది. ఏఆర్‌టీ సెంటర్‌లో ఎవరైనా మందుకి రాకపోతే పట్టికలో పేరు వస్తుంది, ఫోన్ చేస్తారు. డ్రైవర్ పేరు పక్కన రాసుకున్న నంబర్ జైలు ఆసుపత్రిది. చేశారు. విడుదలైపోయాడన్న జవాబు వచ్చింది. ఇక అతన్ని వెతికేవాళ్ళు లేరు.

అతను మళ్ళీ దొరికింది భార్య వల్ల. మూడు నెలల పరీక్షకి గడువు దాటాక ఆమె వచ్చింది. ఆయన ఇంటికొచ్చి అయిదు వారాలైందని, మళ్ళీ బండెక్కుతున్నాడని చెప్పింది. మందు వాడుతున్నాడా అంటే, “అది జైలు మందు గదా మేడం, బయటికొచ్చాక ఎందుకిస్తారు?” అంది. మరుసటి వారం అతను వచ్చినప్పుడు కూడా అదే మాట. లోపల ఉండగా ఏఆర్‌టీ సెంటర్ గురించి చాలాసార్లు చెప్పాం, తల ఊపాడు. కానీ ఆరు నెలల పాటు జైలు కిటికీలోంచి వచ్చిన మాత్ర అతని లెక్కలో జైలు దుప్పటి లాంటిదే, వెళ్ళేటప్పుడు అక్కడే వదిలేసి రావాలి.

ఇది మన దగ్గరే జరిగేది కూడా కాదు. అమెరికాలోని టెక్సాస్ జైళ్ళ నుంచి 2004, 2007 మధ్య విడుదలైన, ఏఆర్‌టీ వాడుతున్న 2,115 మందిని గమనించిన అధ్యయనం 2009లో వచ్చింది. పది రోజుల్లోపు బయట మందు తీసుకున్నవాళ్ళు 5.4 శాతమే. రెండు నెలలు గడిచినా 30 శాతం దాటలేదు. లోపల సక్రమంగా వాడి వైరస్ అణిగిన మనిషి, మందు ఆపిన కొన్ని వారాల్లోనే మళ్ళీ ఇతరులకి అంటించే స్థితికి వస్తాడు. సరిగ్గా ఆ వారాల్లోనే ఇంటికి చేరతాడు. నివారణ పేరుతో లోపల పెట్టిన శ్రమంతా పోయేది ఇక్కడే.

ఈ ఇంట్లో అలా జరగకపోవడానికి కారణం భార్య. “నాకు మీరు చెప్పిన రిజల్ట్ కాగితం చూపించలేదు గదా, అందుకే వాడించా” అంది కండోమ్ గురించి. ఆమెకి ఆ రోజు నెగటివ్, ఆ తర్వాత మూడు నెలలకి కూడా నెగటివ్. డ్రైవర్‌కి అదే మందు మళ్ళీ మొదలైంది. ఆరు నెలలు నిండాక చేసిన వైరల్ లోడ్‌లో వైరస్ కనపడలేదు.

గేటు దగ్గర ఏం మార్చాం

మేం మొదట అడిగింది ఫార్మసీ రాత్రి కూడా తెరిచి ఉంచమని. సిబ్బంది లేరన్నారు, అది నిజమే. వార్డర్ చేతికి బీరువా తాళం ఇవ్వడానికి మెడికల్ ఆఫీసర్ ఒప్పుకోలేదు, అదీ న్యాయమే. అప్పుడు సొత్తు రిజిస్టర్ గుర్తొచ్చింది. రాత్రి ఎన్నింటికి వదిలినా, ఎంత హడావుడిలో ఉన్నా, ఖైదీ సొత్తు ఇవ్వకుండా, సంతకం తీసుకోకుండా గేటు తీయరు. ఆ సొత్తు మూటలోనే మందుల కవర్ ఉంటే మర్చిపోవడం కుదరదు.

ఇప్పుడు రోజూ మందులు వాడే ప్రతి విచారణ ఖైదీ పేరుతో, బీపీ అయినా, షుగర్ అయినా, ఫిట్స్, మానసిక జబ్బు, టీబీ, హెచ్‌ఐవీ ఏదైనా, సీల్ చేసిన ఒకే రకం ఖాకీ కవర్ సొత్తు గదిలో ఉంటుంది. మీద పేరు, ఖైదీ నంబర్ తప్ప ఏమీ ఉండదు. లోపల నెల మందు, డాక్టర్ చీటీ, బయట ఏ ఆసుపత్రికి వెళ్ళాలో ఒక కాగితం. ఏఆర్‌టీ వాళ్ళకైతే బదిలీ పత్రం, 1097 హెల్ప్‌లైన్ నంబర్ కూడా. నెలకోసారి ఫార్మసిస్ట్ వచ్చి గడువు తీరే మందులు మార్చి, సీల్ మళ్ళీ వేస్తారు. ఇన్సులిన్ లాంటి ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి ఇందులో కుదరవు, వాటికి చీటీ మాత్రమే. మొదట్లో సిబ్బంది గొణిగారు, మేం మెడికల్ షాపు పెట్టుకోవాలా అని. ఫిట్స్ ఉన్న ఒక ఖైదీ కొడుకు గేటు దగ్గర ఆ కవర్ చూసి హెడ్ వార్డర్‌కి దండం పెట్టాక ఆ గొణుగుడు కొంచెం తగ్గింది.

రెండో మార్పు ఫోన్ నంబర్. ఏఆర్‌టీ రిజిస్టర్లో జైలు నంబర్‌తో పాటు ఖైదీ చెప్పిన బయటి మనిషి నంబర్ కూడా రాయిస్తున్నాం. ఆ మనిషికి జబ్బు సంగతి తెలియకపోతే ఫోన్లో ‘చెకప్‌కి రమ్మనండి’ అని మాత్రమే చెప్పాలని పక్కన నోట్ ఉంటుంది. మూడోది, లోపల ఉండగానే వీలైతే ఒకసారైనా ఎస్కార్ట్ మీద ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్ళి, కౌంటర్ ఎక్కడుంది, చీటీ ఎక్కడ ఇస్తారో చూపించడం. ఫార్మసిస్టే మందు తెచ్చే ఏర్పాటుకి ఇది కొంత విరుద్ధమే. అయినా ఆ కౌంటర్లో జైలుకి సంబంధం లేని మామూలు మనుషులు ఇదే డబ్బా తీసుకుంటుంటే కళ్ళారా చూసినవాడు, దాన్ని జైలు మందు అనుకోడు.

అన్నీ కుదిరాయని చెప్పను. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు గంజాయి కేసుల్లో చాలామంది ఉంటారు. వాళ్ళకి తెలుగు రాదు, ఇచ్చిన కాగితం తెలుగులో ఉంటుంది. వాళ్ళ జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పడం తప్ప మా చేతిలో ఏమీ లేదు. ఒడియాలో ఒక కాగితం తయారు చేయించుకున్నాం. పీటీ వారెంట్ (ఇంకో కేసులో హాజరుపరచమని కోర్టు ఇచ్చేది) మీద వేరే జైలుకి వెళ్ళినవాళ్ళ కవర్ కొన్నిసార్లు ఇక్కడే ఉండిపోతోంది, ఎందుకంటే బదిలీలో సొత్తు వెంట వెళ్ళినా వెళ్ళకపోవచ్చు. 2023లో జైళ్ళన్నిటిలో సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ, టీబీ, హెపటైటిస్ పరీక్షలు కలిపి క్యాంపెయిన్ చేశారు, పరీక్షల సంఖ్య బాగా పెరిగింది. విడుదల తర్వాత ఎంతమంది మందు అందుకున్నారన్న గడి మాత్రం మేం నింపే ఫారాల్లో ఇప్పటికీ లేదు. నేను నా నోట్‌బుక్‌లో ఒక గడి గీసుకుని నింపుతున్నాను.

డ్రైవర్ ఇప్పుడు లోకల్ ట్రిప్పులే వేస్తున్నాడు, వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలి కాబట్టి దూరం వెళ్ళలేడు. చార్జిషీటు పడింది, కేసు విచారణలో ఉంది. శిక్ష పడితే మళ్ళీ లోపలికి వెళ్ళాలి. అలా జరిగితే అడ్మిషన్ రోజునే డాక్టర్‌కి ఇవ్వడానికి ఏఆర్‌టీ సెంటర్ చీటీ, చివరి వైరల్ లోడ్ రిపోర్టు జిరాక్స్ తీయించి, వాయిదాకి వెళ్ళే ప్రతిసారీ అతని భార్య సంచిలో పెట్టి ఇస్తోంది.